గుమ్మం దగ్గర కూర్చున్న శిష్యుడు

మెట్టుగూడ నుంచి తార్నాక చౌరస్తా మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోకి వెళ్తే ముందుగా ఎవరి చూపైనా ఆర్ట్స్ కాలేజీ భవనం మీదే పడుతుంది. అదే ఆవరణలో చాలామంది గమనించకుండా దాటిపోయే సంస్థ ఇంకొకటి ఉంది. పేరు దాయిరతుల్ మారిఫ్. 1888లో హైదరాబాదులో పుట్టిన ఈ సంస్థ పని ఒక్కటే: ప్రపంచంలో ఎక్కడెక్కడో చెల్లాచెదురైన పాత అరబ్బీ రాతప్రతులను వెతికి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, తప్పులు దిద్ది అచ్చువేయడం. వైద్యం, ఖగోళం, చరిత్ర, తర్కం, ఇలా ఎన్నో శాస్త్రాల పుస్తకాలు మన ఊరినుంచి కైరోకూ, ఇస్తాంబుల్‌కూ, లండన్‌కూ వెళ్లాయి.

1938, 1939 ప్రాంతంలో, అంటే ఆర్ట్స్ కాలేజీ కొత్త భవనం తలుపులు తెరుచుకున్న రోజుల్లోనే, ఈ సంస్థ మూడు సంపుటాల గ్రంథం ఒకటి వేసింది. పేరు కితాబుల్ ముఅతబర్. రాసినవాడు అబుల్ బరకాత్ అల్ బగ్దాదీ, 12వ శతాబ్దపు బాగ్దాద్ వైద్యుడు, తత్త్వవేత్త. మోసుల్ దగ్గర బలద్ అనే ఊళ్లో యూదుల ఇంట పుట్టాడు. బతుకులో ఎక్కువ భాగం యూదుడిగానే ఉండి, ముసలితనంలో ఇస్లాం స్వీకరించాడు. జెరూసలేములో పనిచేసిన ష్లోమో పినెస్ అనే పండితుడు ఈయన ఆలోచనల మీద ఏళ్ల తరబడి పరిశోధించి, వస్తువు కదలిక విషయంలో అరిస్టాటిల్ మాట తప్పని అంత పాతకాలంలోనే ఈయన గట్టిగా అన్నాడని చూపించాడు. ఆ పరిశోధనకు ఆధారం మన హైదరాబాదు ప్రతి. హైదరాబాదులో అచ్చయిన పుస్తకాన్ని ముందు పెట్టుకుని జెరూసలేములో ఒక యూదు పండితుడు ఒక బాగ్దాదు యూదుణ్ణి చదివాడన్నమాట.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది యూదులు నీతి గురించి, నమ్మకం గురించి, బతుక్కి అర్థం గురించి ఏమనుకున్నారన్నది. అది చాలా పెద్ద సంగతి. అందుకని నేను ఒక్క చోటు నుంచే దాన్ని చూస్తాను. ఆ చోటు గుమ్మం. ఎందుకో అబుల్ బరకాత్ చదువుకున్న తీరు చెబితే తెలుస్తుంది.

13వ శతాబ్దంలో వైద్యుల చరిత్రలు రాసిన ఇబ్న్ అబీ ఉసైబియా ఈ కథ చెప్పాడు. బాగ్దాదులో అప్పటికి పేరున్న వైద్య గురువు ఒకాయన ఉండేవాడు. ఆయన యూదులకు పాఠం చెప్పడు. అబుల్ బరకాత్ ఎన్నోసార్లు వెళ్లి అడిగాడు, ఎన్నోసార్లు కాదనిపించుకున్నాడు. చివరికి ఆ ఇంటి కావలివాడితో స్నేహం చేసుకున్నాడు. రోజూ వచ్చి దేవిడీలో, అంటే లోపలి గదికి వెళ్లే దారిలో, ఒక పక్కన కూర్చునేవాడు. లోపల శిష్యులు చదువుతున్నది, గురువు వివరిస్తున్నది చెవులు రిక్కించి వినేవాడు. విన్నది మనసులో నాటుకునేదాకా నెమరేసుకునేవాడు. అలా ఏడాది గడిచింది. ఒకరోజు లోపల ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. శిష్యుల్లో ఎవరికీ జవాబు తట్టలేదు. బయట కూర్చున్నవాడు లేచి లోపలికి వచ్చి, అయ్యగారు సెలవిస్తే నేను చెబుతానన్నాడు. చెప్పాడు. ఇది తమరే ఫలానా నెలలో ఫలానా రోజున వివరించారని కూడా అన్నాడు. గురువు ఆశ్చర్యపోయి, ఎక్కడ విన్నావని అడిగి, సంగతి తెలుసుకుని, ఇలాంటివాడికి చదువు చెప్పననడం మనకు తగదన్నాడట. ఆ రోజు నుంచి అతను లోపల కూర్చున్నాడు.

ఈ కథ వినగానే తెలుగువాళ్లకు ఏకలవ్యుడు గుర్తుకొస్తాడు. ద్రోణుడు వేలు అడిగాడు, బాగ్దాదు గురువు చోటిచ్చాడు. కానీ అబుల్ బరకాత్‌కు లోకం పూర్తిగా చోటివ్వలేదు. ఆయన మతం మారడానికి చెప్పే కథల్లో ఒకటి ఇదీ: ఖలీఫా కొలువులోకి ఆయన అడుగుపెడితే అందరూ లేచి నిలబడ్డారు, ప్రధాన న్యాయమూర్తి ఒక్కడు యూదుడన్న కారణంతో లేవలేదు. అంత విద్య ఉండీ ఆ ఒక్కడి ముందు ఆయన మళ్లీ గుమ్మం దగ్గరి మనిషే అయ్యాడు.

యూదుల సంప్రదాయంలోనే ఇంతకంటే పాత గుమ్మం కథ ఒకటి ఉంది. అది తల్మూద్‌లో వస్తుంది. తల్మూద్ అంటే కొన్ని వందల ఏళ్ల పాటు గురువులు చేసిన వాదాలు, తీర్పులు, కథలు అన్నీ కలిసిన మహాగ్రంథం. సుమారు 1,400 ఏళ్ల కిందట ఆ రూపానికి వచ్చింది. ఆ కథలో హిల్లేల్ అనే పేదవాడు కూలిపని చేసుకుని బతుకుతున్నాడు. రోజూ వచ్చిన దాంట్లో సగం ఇంటికి, సగం పాఠశాల గుమ్మం దగ్గర కాపలా ఉన్నవాడికి. డబ్బిస్తేనే లోపలికి పంపేవాడు. ఒక శుక్రవారం పని దొరకలేదు. కాపలావాడు పంపలేదు. హిల్లేల్ ఇంటికి పోలేదు. పాఠశాల కప్పు ఎక్కి, వెలుతురు కోసం వదిలిన కిటికీ మీద పడుకుని లోపలి పాఠం విన్నాడు. అది చలికాలం. రాత్రి మంచు కురిసింది. తెల్లవారింది, గదిలో ఇంకా చీకటిగానే ఉంది. గురువులు తలెత్తి చూస్తే కిటికీకి అడ్డంగా మనిషి ఆకారం. పైకెక్కి మంచు తోడి, అతన్ని దింపి, ఒళ్లు కడిగి, నూనె రాసి, మంట దగ్గర కూర్చోబెట్టారు. అప్పటికి విశ్రాంతి దినం వచ్చేసింది. ఆ రోజు మంట వెలిగించడం వాళ్ల ధర్మంలో నిషేధం. అయినా వెలిగించారు, ఇతని కోసం ఆ నియమం దాటవచ్చునన్నారు.

తర్వాత ఆ హిల్లేలే మహా గురువయ్యాడు. ఒకడు వచ్చి, నేను ఒంటికాలి మీద నిలబడి ఉండగా మీ ధర్మమంతా చెప్పగలరా అని పరీక్ష పెట్టాడట. నీకు ఏది రోత పుట్టిస్తుందో అది పక్కవాడికి చెయ్యకు, మిగతాదంతా దానికి వివరణ, వెళ్లి చదువుకో అన్న అర్థంలో హిల్లేల్ జవాబిచ్చాడు. మన తిక్కన భారతంలో ఈ ధర్మాన్నే పద్యంగా చెప్పాడని బడికెళ్లిన తెలుగు పిల్లలందరికీ తెలుసు. నాకు ఎక్కువ నచ్చేది హిల్లేల్ జవాబులో చివరి ముక్క, వెళ్లి చదువుకోమనడం. నీతి ఒక్క వాక్యంలో ఇమిడినా మనిషి పని అక్కడితో అయిపోదు. ఆ వాక్యం కూలి దగ్గర, అప్పు దగ్గర, పెళ్లి దగ్గర, అంగట్లో తూకం దగ్గర ఎలా నిలబడుతుందో చూసుకోవాలి. తల్మూద్‌లో పేజీలకు పేజీలు చేసినది ఆ పనే.

అందుకే యూదుల దగ్గర చదువే ఒక ఆరాధన అయింది. ఆ చదువు ఒంటరిగా సాగేది కాదు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని గట్టిగా పైకి చదువుతారు. ఒకడు అన్నదాన్ని రెండోవాడు పట్టుకుని నిలదీస్తాడు. దాన్ని హవ్రూతా అంటారు. మన ఆవరణలో చెట్ల కింద, లైబ్రరీ మెట్ల మీద గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు జంటలుగా కూర్చుని ప్రశ్నలు వేసుకోవడం చూసినప్పుడల్లా నాకు ఈ పద్ధతి గుర్తుకొస్తుంది. హిల్లేల్ శిష్యులకూ షమ్మాయి అనే మరో గురువు శిష్యులకూ ఎన్నో విషయాల్లో పడేది కాదు. ఎక్కువసార్లు హిల్లేల్ వర్గం మాటే చెల్లింది. ఎందుకని తల్మూద్ తానే అడిగి తానే చెబుతుంది: వాళ్లు సౌమ్యులు, పైగా తమ మాట చెప్పేముందు ఎదుటివాళ్ల మాట చెప్పేవారు. ఓడిపోయిన వాదాన్ని కూడా చెరిపేయకుండా రాసి ఉంచారు, రేపటి కాలానికి అదే అవసరం కావచ్చునని. ఎన్ని మతాల గ్రంథాల్లో ఓడినవాడి మాటకు ఇంత గౌరవం ఉంది?

ఇక మూడో గుమ్మం. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేము దేవాలయాన్ని కూల్చేశాక గురువులు యవ్నె అనే ఊళ్లో చేరి చదువును నిలబెట్టారు. అక్కడి పెద్ద గమలియేలు. ఆయన విద్యాలయం గుమ్మం దగ్గర కావలి పెట్టాడు. లోపల ఎలాంటివాడో బయటా అలాంటివాడైతేనే రావాలన్నాడు, అంటే మనసు నిష్కళంకంగా ఉన్నవాడే రావాలని. ఉద్దేశం మంచిదే. కానీ మరో విషయంలో ఆయన తోటి గురువు యెహోషువను అందరి ముందు నిలబెట్టి అవమానించడంతో సభ తిరగబడింది. ఆయన్ని పదవి నుంచి దించేసింది. దించిన రోజునే కావలివాణ్ణి తీసేశారు. ఎవరైనా రావచ్చన్నారు. ఆ ఒక్కరోజే పాఠశాలలో 400 బల్లలు అదనంగా వేయాల్సి వచ్చిందని ఒకరు, కాదు 700 అని మరొకరు అన్నారు. తేలకుండా పడి ఉన్న చిక్కులన్నీ ఆ రోజే తేలిపోయాయట. గమలియేలుకు దిగులు పట్టుకుంది, నేను ఇంతమందికి చదువు అడ్డుకున్నానా అని. ఆయన అలిగి ఇంట్లో కూర్చోలేదు, ఆ రోజు కూడా సభకు వచ్చి వాదంలో పాల్గొన్నాడని గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. ఆ రోజు ఆయన ఓడిన వాదం ఒకటుంది. దాన్ని కాసేపు పక్కన పెడతాను, గుంటూరు జిల్లాకు వెళ్లాక దానితో పని పడుతుంది.

ఇంతకీ నమ్మకం సంగతి? యూదుల ధర్మంలో నమ్మకం కంటే ముందు చేత ఉంటుంది. దేవుడి గురించి వాళ్లలో కావలసినంత వాదం ఉంది. వాళ్ల పవిత్ర గ్రంథంలోని యోబు అయితే దేవుణ్ణే నిలదీశాడు, దేవుడు చివరికి యోబునే మెచ్చుకుని, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన స్నేహితుల్ని మందలించాడు. పొలం అంచున ఏం వదలాలి అన్న దగ్గర మాత్రం లెక్క ఖచ్చితంగా ఉంటుంది. కోత కోసేటప్పుడు పొలం మూల కోయకూడదు. కింద పడిన వెన్నులు ఏరుకోకూడదు. మరిచిపోయిన పనకోసం వెనక్కి వెళ్లకూడదు. అవన్నీ బీదవాళ్లవి, విధవలవి, పరదేశులవి. మూల అంటే ఎంత? మొత్తం పంటలో 60వ వంతుకు తగ్గకూడదని గురువులు తేల్చారు. ఇంకో నియమం నాకు చాలా గొప్పదిగా తోస్తుంది. ఆ వదిలిన పంటను ఏ బీదవాడు తీసుకోవాలో నిర్ణయించే హక్కు రైతుకు లేదు. నా ఇంట్లో పనిచేసేది కాబట్టి ఈమె ఏరుకోవాలి అనడానికి వీల్లేదు. ఇచ్చేవాడు మొహం చూసి ఇవ్వకూడదు, తీసుకునేవాడు తల వంచకూడదు. పరిగె ఏరుకునే ఆడవాళ్లను పొలం నుంచి అదిలించడం చూసిన తెలుగువాళ్లకు ఈ చట్టంలోని పదును వెంటనే తెలుస్తుంది. రూతు కథలో పరాయి దేశపు విధవ ఇలాగే పరిగె ఏరుకుంటూ ఒక ఊళ్లోకి వచ్చింది, దావీదు రాజుకు ముత్తవ్వ అయింది.

12వ శతాబ్దంలో మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. ఈయనా వైద్యుడే, స్పెయిన్‌లో పుట్టి కైరో దగ్గర స్థిరపడి 1204లో చనిపోయాడు. అన్నిటికన్నా కింది మెట్టు, మొహం మాడ్చుకుని ఇవ్వడం. పైనుంచి రెండోది, ఎవరిస్తున్నారో పుచ్చుకునేవాడికి, ఎవరు పుచ్చుకుంటున్నారో ఇచ్చేవాడికి తెలియకుండా ఇవ్వడం. అన్నిటికన్నా పైది, ఒకడికి పని చూపించో, అప్పిచ్చో, వ్యాపారంలో వాటా పెట్టో మళ్లీ చేయి చాచనక్కర లేకుండా చేయడం. వైద్యుడి ఆలోచన ఇది. రోగికి రోజూ మందు పోయడం కన్నా రోగం పోవడం ముఖ్యం.

విశ్రాంతి దినం సంగతి కూడా ఈ దృష్టితోనే చూడాలి. శుక్రవారం పొద్దుగూకే ముందు ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనిపించేదాకా పని లేదు. చేయకూడని పనులు 39 రకాలని లెక్క కట్టారు. విత్తడం, కోయడం, నూరడం, నేయడం, రాయడం, నిప్పు వెలిగించడం అందులోవే. బయటివాళ్లకు ఇది కట్టుబాట్ల చిట్టాలా కనిపిస్తుంది. ధర్మశాస్త్రం ఆ విశ్రాంతిని ఎవరెవరికి ఇచ్చిందో చూడండి: యజమానికి, కొడుక్కి, కూతురికి, పనివాడికి, పనిమనిషికి, ఎద్దుకు, గాడిదకు, ఊళ్లో ఉన్న పరదేశికి. కారణం కూడా చెప్పింది. మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, అది మరిచిపోవద్దని. వారంలో ఒక రోజు మనిషి ఎవరికీ కూలి కాడు. పోలెండులో పుట్టి అమెరికా చేరిన అబ్రహాం జాషువా హెషెల్ అనే గురువు 1951లో ఈ రోజు మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయనే 1965లో సెల్మాలో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి, నల్లవాళ్ల ఓటు హక్కు కోసం నడిచాడు. ఆ పుస్తకమూ ఆ నడకా నాకు వేరువేరుగా కనిపించవు.

బతుక్కి అర్థం అన్న మాట వస్తే వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ పేరు చాలామందికి తెలుసు. నాజీల నాలుగు శిబిరాల్లోంచి బతికి బయటపడి, ఆ అనుభవం మీద 1946లో పుస్తకం రాశాడు. నేను చెప్పాలనుకున్నది అంతకు ముందరి సంగతి. ఆయనకు అమెరికా వెళ్లడానికి వీసా వచ్చింది. తల్లిదండ్రులకు రాలేదు. వెళ్లాలా ఉండాలా అని సతమతమవుతూ ఇంటికి వెళ్తే బల్ల మీద పాలరాతి ముక్క ఒకటి కనిపించింది. నాజీలు నాశనం చేసిన యూదు మందిరం శిథిలాల్లోంచి తండ్రి ఏరుకొచ్చాడు. దాని మీద పూతపూసిన అక్షరం ఒకటే మిగిలింది. అది పది ఆజ్ఞల్లో ఏ ఆజ్ఞలోదని కొడుకు అడిగాడు. తల్లినీ తండ్రినీ గౌరవించమన్న ఆజ్ఞలోదని తండ్రి చెప్పాడు. ఫ్రాంకల్ వీసా వదులుకున్నాడు. తండ్రి శిబిరంలోనే చనిపోయాడు. తల్లినీ భార్యనూ నాజీల శిబిరాలే పొట్టన పెట్టుకున్నాయి. వెళ్లిపోతే బాగుండేదని లెక్కలు వేసేవాళ్లకు ఇక్కడ జవాబు దొరకదు. తండ్రి చివరి వేళల్లో పక్కన ఉండగలిగానన్న తృప్తి తనకుందని ఫ్రాంకల్ తర్వాత చెప్పుకున్నాడు.

హైదరాబాదుకు తిరిగి వద్దాం. ఈ నగరంలో యూదు ధర్మం గురించి మాట్లాడుకోవడం ఇవాళ్టిది కాదు. 1647లో, అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడిలో, మతాల చరిత్ర రాస్తున్న ఒక పారశీక రచయిత ఇక్కడికి వచ్చాడు. ఆయన పుస్తకం దబిస్తానె మజాహిబ్. ఇక్కడ ఆయన్ని కలిసినవాడు సర్మద్. కాషాన్ నగరపు యూదు పండితుల వంశంలో పుట్టి, ముస్లిమై, వ్యాపారిగా సింధుకు వచ్చి, అన్నీ వదిలేసి కవిగా తిరిగినవాడు. ఆయన వెంట అభయ్ చంద్ అనే హిందూ యువకుడు. సర్మద్ అతనికి యూదుల శాస్త్రం నేర్పాడు. అభయ్ చంద్ ఆదికాండంలోని కొంత భాగాన్ని పారశీకంలోకి తెచ్చాడు, అది ఆ పుస్తకంలో చేరింది. యూదుడిగా పుట్టిన ముస్లిం గురువు, హిందూ శిష్యుడు, గోల్కొండ రాజ్యం. తర్వాత ఢిల్లీలో ఔరంగజేబు కాలంలో సర్మద్ తల తీయించారు. ఆయన సమాధి ఇప్పటికీ జామా మసీదు దగ్గర ఉంది.

ఇక గుంటూరు జిల్లా. నాలుగు ముఖాల బ్రహ్మ గుడి ఉన్న చేబ్రోలు మీకు తెలిసే ఉంటుంది. దాని దగ్గర కొత్తరెడ్డిపాలెం. అక్కడి మాదిగ కుటుంబాల్లో కొన్ని, సుమారు 40 అని చెబుతారు, తమను బెనె ఎఫ్రాయిమ్ అని, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాయి. క్రీ.పూ. 8వ శతాబ్దంలో అస్సీరియా రాజులు ఇశ్రాయేలు రాజ్యాన్ని ఓడించి పది గోత్రాలను చెల్లాచెదురు చేశారు. అందులో ఎఫ్రాయిము ఒకటి. ఆ గోత్రం వాళ్లు తూర్పుగా నడిచి నడిచి చివరికి తెలుగునేలకు చేరారని, తరాల వెనక ఆచారాలు మరుగున పడ్డాయని వీళ్ల మాట. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ములు దీనికి నాయకులు. షమూయేలు మొదట క్రైస్తవ బోధకుడు, జెరూసలేము వెళ్లి వచ్చాక ఈ దారి పట్టాడు. 1991లో కొత్తరెడ్డిపాలెంలో యూదు ప్రార్థన మందిరం వెలిసింది. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వీళ్ల మీద రాసిన పుస్తకం 2013లో వచ్చింది.

నిజంగా వీళ్లు ఎఫ్రాయిము వంశమేనా అని వెంటనే అడుగుతారు. 2,700 ఏళ్ల వంశవృక్షం ఎవరు చూపించగలరు? నన్ను ఆలోచింపజేసేది వీళ్లు ఏమి నెత్తిన వేసుకున్నారన్నది. కూలికి పోతేనే పూట గడిచే ఇంట్లో శనివారం పని మానడమంటే ఒక రోజు కూలి పోవడం. ఊరంతా ఆదివారం గుడికి వెళ్తుంటే శనివారం మందిరానికి వెళ్లడమంటే పక్కింటివాళ్లకూ, అయినవాళ్లకూ రోజూ జవాబు చెప్పుకోవడం. పెద్దవాళ్లయ్యాక హీబ్రూ అక్షరాలు దిద్దాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు, తర్వాత సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఉంది. కాగితం మీద యూదులమని రాసుకుంటే ఆ హోదా పోతుంది. ఇశ్రాయేలు వీళ్లను గుర్తించలేదు. మణిపూర్, మిజోరం ప్రాంతపు బ్నే మెనషె వాళ్లను 2005లో అక్కడి ప్రధాన మతగురువు ఒకరు గుర్తించాక వాళ్లలో వేలమంది ఇశ్రాయేలు వెళ్లారు. కొత్తరెడ్డిపాలెం వాళ్లకు ఆ తలుపు తెరుచుకోలేదు. ఇంత ఖరీదు కట్టి వాళ్లు తెచ్చుకున్నది ఒక కథ: మేము ఎవరి గడప దగ్గరో నిలబడడానికి పుట్టినవాళ్లం కాదు, బానిసత్వం నుంచి నడిచి బయటికి వచ్చినవాళ్లం అన్న కథ. దళితులు ఆ కథను తమదిగా పట్టుకోవడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు. ఆ గుంటూరు నేలకే చెందిన కవి జాషువా 1941లో గబ్బిలం రాశాడు. గుడిలోకి తాను వెళ్లలేడు కాబట్టి, వెళ్లగలిగిన గబ్బిలంతో శివుడికి కబురు పంపిన మనిషి కథ అది.

యూదుల చేతులు మాత్రం ఎప్పుడూ శుభ్రంగా ఉన్నాయని నేను అనను. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి మందిరంలో, ఒకప్పుడు బానిసలుగా ఉండి విడుదలైనవాళ్ల సంతతిని తక్కువగా చూశారు. వాళ్లు లోపల బల్లల మీద కూర్చోకూడదు, వాళ్ల పిల్లల పెళ్లిళ్లు అక్కడ జరగకూడదు. అంటే ఐగుప్తును మరవద్దన్న జనమే తమ మందిరంలో ఐగుప్తును కట్టుకున్నారు. దీన్ని ఎదిరించింది ఆ సంతతిలోనే పుట్టిన న్యాయవాది అబ్రహాం బరాక్ సేలం. 1882లో పుట్టి 1967దాకా బతికాడు. గాంధీజీ దారిలో మందిరంలోనే సత్యాగ్రహం చేశాడు. కొడుకుల్ని వెంటబెట్టుకుని వెళ్లి కూర్చోకూడదన్న చోట కూర్చున్నాడు. ఏళ్లు పట్టినా ఆ కట్టుబాట్లు ఒక్కొక్కటే సడలాయి. యూదు గాంధీ అని జనం పిలిచేవారు. సేలం గొప్పతనం ఏమిటంటే, తనను గుమ్మం దగ్గర ఆపిన మందిరాన్ని వదిలి వెళ్లిపోలేదు. మీ గ్రంథం మీకే చదివి వినిపిస్తానన్నట్టు అక్కడే నిలిచాడు.

ఇప్పుడు గమలియేలు ఓడిన వాదం దగ్గరికి వస్తాను. కావలివాణ్ణి తీసేసిన ఆ రోజే యూదా అనే ఒకడు సభలోకి వచ్చాడు. అమ్మోను జాతివాడు, యూదు ధర్మం పుచ్చుకున్నాడు. నేను మీ సమాజంలో చేరవచ్చా అని అడిగాడు. చేరకూడదు, అమ్మోనీయుడికి ప్రవేశం లేదని శాస్త్రంలో ఉందని గమలియేలు అన్నాడు. చేరవచ్చని యెహోషువ అన్నాడు. ఆయన చూపిన కారణం ఇది: అస్సీరియా రాజు సన్హెరీబు వచ్చి జాతులన్నిటినీ కలగాపులగం చేసి వెళ్లాడు. ఎవరు ఏ జాతివాడో ఇవాళ ఎవరు చెప్పగలరు? వాదం సాగింది, యెహోషువ గెలిచాడు. అమ్మోనీయుణ్ణి చేర్చుకున్నారు.

శ్రోతలు గమనించాలి, ఆ అస్సీరియా రాజులే పది గోత్రాలను చెదరగొట్టింది. ఎఫ్రాయిము ఎక్కడ కలిసిపోయిందో తెలియకపోవడానికి కారణం వాళ్లే. ఏ కారణం వల్ల కొత్తరెడ్డిపాలెం వాళ్లు తమ వంశాన్ని రుజువు చేయలేరో, సరిగ్గా అదే కారణం చూపి యవ్నె సభ ఒక పరాయివాణ్ణి లోపలికి రానిచ్చింది. నా మటుకు నాకు ఇందులో వీళ్లకు బలమైన సాక్ష్యం కనిపిస్తుంది. వంశం అడిగితే రుజువు దొరకదు. ఆచారం అడిగితే శనివారం నాడు పాలెం వెళ్లి చూడవచ్చు. మతం పుచ్చుకుని చేరండి అని బయటి గురువులు అంటారు, మేము కొత్తగా చేరేవాళ్లం కాదు, తిరిగి వచ్చేవాళ్లం అని వీళ్లు అంటారు. ఈ రెంటిలో ఏది గెలవాలో తేల్చే అర్హత నాకు లేదు. వాదం మాత్రం గుమ్మానికి లోపల జరగాలి, వాళ్లను కూర్చోబెట్టి జరగాలి.

యూదుల ఇంటి ద్వారబంధానికి కుడిపక్క ఒక చిన్న పెట్టె బిగించి ఉంటుంది. పేరు మెజూజా. అందులో తోలు మీద చేత్తో రాసిన ధర్మశాస్త్ర వాక్యాలు చుట్టి పెడతారు. వస్తూ పోతూ దాన్ని తాకి వేళ్లు ముద్దుపెట్టుకుంటారు. మనవాళ్లు గడపకు పసుపు రాసి బొట్టు పెట్టినట్టే, వాళ్లకు దేవుడి మాట ఉండవలసిన చోటు గుమ్మం. ఎవరు దాటుతున్నారు, ఎవరిని ఆపుతున్నాం అన్నది రోజుకు పదిసార్లు గుర్తుచేసే చోటు అది.

చివరిగా ఒక విన్నపం. తార్నాక చుట్టుపక్కల ఉస్మానియా ఉంది, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. చరిత్ర, భాషాశాస్త్రం, జానపదం చదివే పిల్లలు వందల్లో ఉన్నారు. కొత్తరెడ్డిపాలెం మీద పుస్తకం రాయడానికి ఇంగ్లండు నుంచి రావలసి వచ్చింది. అక్కడ పెద్దవాళ్లు తెలుగులో చేసుకునే ప్రార్థనలు, తాతముత్తాతల నుంచి విన్నామని చెప్పే కథలు, పిల్లలకు పెట్టుకునే పేర్లు, పండుగనాడు వండుకునే వంటలు తెలుగులో ఎవరైనా కూర్చుని రాసుకోవాలి. నిజమా కాదా అని తేల్చడానికి వెళ్లవద్దు, వినడానికి వెళ్లండి. ఒక బాగ్దాదు యూదుడి మూడు సంపుటాలను ఒక్కో అక్షరం సరిచూసి ప్రపంచానికి అందించిన ఊరు మనది. రైలెక్కితే ఒక్క రాత్రి దూరంలో ఉన్న సాటి తెలుగువాళ్ల కోసం ఒక నోటుపుస్తకం, ఒక రికార్డరు పట్టుకుని వెళ్లడం దానికి పెద్ద పనేమీ కాదు. శుక్రవారం మధ్యాహ్నానికే చేరుకోండి, పొద్దుగూకితే వాళ్ల విశ్రాంతి దినం మొదలవుతుంది, అప్పుడు రికార్డరు పక్కన పెట్టాలి.